బిల్లుల డబ్బా

"ఆ బిల్లులన్నీ ఒక వరసలో పెట్టు. సోమవారం బ్యాంకుకి ఫోన్ చేసి ఏమేం కవర్ అవుతాయో కనుక్కో. నీకైతే టైం ఉంటుందిగా" అంటూ మా ఆయన చక్రధర్ టిఫిన్ ప్లేటు తీసుకెళ్ళి సింకులో పెట్టాడు. సింకు పక్కనే డిష్‌వాషర్ ఉంది, తలుపు కూడా తెరిచే ఉంది. అయినా ఇరవై ఏళ్ళుగా మా ఇంట్లో అతని ప్లేటు సింకు దాకా వచ్చి ఆగిపోతుంది. మిగతా రెండడుగులు నావి.

నాకు టైం ఉంటుంది. శనివారం కాబట్టి పనికి, మందుల షాపుకి, వెళ్ళనక్కర్లేదు. పిండి రుబ్బాలి, రెండు లోడ్లు బట్టలు వెయ్యాలి. మా అమ్మాయి సాత్వికకి స్విమ్మింగ్ పూల్‌లో లైఫ్‌గార్డ్ పని. పన్నెండింటికి దింపాలి, ఐదింటికి తీసుకురావాలి. కెనడాలోని ఈ సార్నియాలో బస్సుని నమ్ముకుంటే ఆ పిల్ల షిఫ్ట్ అయిపోయాక చేరుతుంది. వచ్చే నెల హాలిఫాక్స్‌లో యూనివర్సిటీకి వెళ్ళిపోతుంది కాబట్టి మధ్యలో దుప్పట్లు, తువ్వాళ్ళు కొనాలి. ఇవన్నీ పనుల్లోకి రావు, టైంలోకి వస్తాయి. ఈ తేడా పెళ్ళయిన కొత్తలోనే మా అత్తగారు విశాలాక్షిగారు నాకు చెప్పారు. "మగాడు అలిసిపోతాడమ్మా. మనకేముంది, ఇంట్లోనేగా, ఎప్పుడు కావాలంటే అప్పుడు కూర్చోవచ్చు." ఎప్పుడు కావాలంటే అప్పుడు కూర్చున్న ఆడదాన్ని ఇంతవరకూ నేను చూడలేదు, ఆవిడతో సహా.

నాలుగు లీటర్ల ఐస్‌క్రీం డబ్బాని డైనింగ్ టేబుల్ మీద బోర్లించాను. సాత్విక చదువు బిల్లులన్నీ అందులోనే ఉన్నాయి. మూడో తరగతి ఈత క్లాసులు. పియానో, ఒకే ఒక్క ఏడాది. తొమ్మిదో తరగతి లెక్కల ట్యూషన్. స్కూలు వాళ్ళు రాజధాని ఆటవాకి తీసుకెళ్ళిన ట్రిప్పు. పదకొండో తరగతిలో కొన్న పెద్ద కాలిక్యులేటర్, నూట నలభై డాలర్లు. కొన్ని బిల్లుల మీద అక్షరాలు పూర్తిగా వెలిసిపోయి తెల్లకాగితాలయ్యాయి. అవి ఏమిటో నాకు గుర్తున్నాయి గనక వెనకవైపు పెన్నుతో రాసి పెట్టుకున్నాను.

ఈ పిచ్చి మా నాన్న రాఘవులుగారి దగ్గర నుంచి వచ్చింది. ఒంగోలులో నీటిపారుదల శాఖలో గుమస్తా ఆయన. అమ్మకి కళ్ళజోడు మార్చినా, నాకు పన్ను పీకించినా బిల్లు తెచ్చి రేకుపెట్టెలో పెట్టేవారు. "బిల్లు లేకుండా గవర్నమెంటు దగ్గర పైసా రాలదమ్మా" అనేవారు. అందుకే సాత్విక మూడో ఏట బ్యాంకులో ఆమె చదువు కోసం ఖాతా తెరిచినప్పుడు, మనం వేసినదానికి గవర్నమెంటు కూడా ఇరవై శాతం కలుపుతుందని విన్న మరుక్షణం, నేను ఖాళీ ఐస్‌క్రీం డబ్బా కడిగి ఆరబెట్టాను. బిల్లులు దాచమని నాకెవరూ చెప్పలేదు. వద్దని కూడా ఎవరూ చెప్పలేదు. దాని గురించి ఇంట్లో నాతో మాట్లాడిందెవరు?

ఆ ఖాతాకి పొడుగాటి ఇంగ్లీషు పేరుంది. ఇక్కడ అందరూ పొడి అక్షరాల్లో ఆర్‌ఇఎస్‌పి అంటారు. మా ఇంట్లో మాత్రం దాని పేరు సాత్విక ఖాతా. తెరిచింది నా పేరున. చక్రధర్ డెట్రాయిట్ నుంచి ఇటు మారినా అక్కడి గ్రీన్‌కార్డు వదులుకోలేదు. ఇప్పటికీ పొద్దున్నే సరిహద్దు వంతెన దాటి అవతల మిషిగన్‌లో పనిచేసి సాయంత్రం తిరిగొస్తాడు. అలాంటి వాళ్ళ పేరున ఈ ఖాతా ఉంటే అమెరికా టాక్సు వాళ్ళకి ఏటేటా ఏవో అదనపు ఫారాలు నింపాలనీ, వాటికి అకౌంటెంటు బోలెడంత గుంజుతాడనీ ఎవరో చెప్పారు. "నీ పేరున పెట్టేద్దాం. పేరుకేగా" అన్నాడు. ఆ తర్వాత, అదే గొంతుతో, "నా జీతంతో ఇల్లు నడుస్తుంది. నీదెలాగూ చిల్లరేగా, పిల్ల ఖాతాలో పడెయ్" అన్నాడు. ఇల్లు అతని పేరున ఉంది. నా చిల్లర నెలనెలా ఆ ఖాతాలోకి పోయింది. పదిహేనేళ్ళుగా మందుల షాపు కౌంటర్ వెనక నేను నిలబడినదంతా అక్కడే ఉంది.

"మొత్తం మనం వేసింది ముప్పై మూడు వేలు" అన్నాడు ఫోన్ చూస్తూ. "నా ఫ్రెండ్ వికాస్ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు, పిల్ల కాలేజీలో చేరిందంటే మనం వేసింది మనకి వెనక్కి ఇచ్చేస్తారట. టాక్సు లేదు. ఎందుకని కూడా అడగరట. గవర్నమెంటు కలిపిందీ, పెరిగిందీ సాత్వికకి సరిపోతుంది. తక్కువైతే లోన్ తీసుకుంటుంది, ఇక్కడి పిల్లలంతా తీసుకోవడం లేదూ? బాధ్యత తెలుస్తుంది. మనది తీసి శ్రీరామ్‌కి పంపేద్దాం. శంకర్‌పల్లి దగ్గర స్థలానికి వాడు మాట ఇచ్చేశాడు."

శ్రీరామ్ అతని తమ్ముడు. 'మనం', 'మనకి', 'మనది'. చక్రధర్ నోట మనం అనే మాట డబ్బు తీసేటప్పుడే వస్తుంది. వేసేటప్పుడు అది నీదెలాగూ చిల్లరేగా.

బిల్లుల మీద తేదీలు చూస్తూ కూర్చున్నాను. నా ఫోన్‌లో, ఈమెయిల్లో, ఒక ఉత్తరం పదకొండు రోజులుగా ఉంది. విదేశాల్లో ఫార్మసీ చదివినవాళ్ళకి టొరంటోలో నడిపే ఏడాది కోర్సులో నాకు సీటిచ్చారు. చాలామటుకు ఆన్‌లైన్, నెలకొక వారాంతం అక్కడికి వెళ్ళాలి. అది చేసి పరీక్షలు గట్టెక్కితే కౌంటర్ వెనక బిల్లు కొట్టేదాన్ని కాకుండా ఫార్మసిస్టునవుతాను, ఇరవై రెండేళ్ళ క్రితం గుంటూరులో చదివి పాసైనట్టే. ఫీజు పద్నాలుగు వేలు. ఆగస్టు ఇరవై రెండు లోపల కట్టకపోతే సీటు పోతుంది.

ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇంతకు ముందు రెండుసార్లు ముందుగా చెప్పాను. మొదటిసారి సాత్వికకి రెండేళ్ళు. మా అత్తగారు ఆరునెలల విజిటర్ వీసా మీద వచ్చి ఉన్నారు. "పసిదాన్ని డేకేర్‌లో పారేసి నువ్వు పుస్తకాల సంచీ తగిలించుకుని పోతావా?" అన్నారు. రెండోసారి చక్రధర్ ఉద్యోగం మారాడు. "ఇద్దరం ఒకేసారి కష్టపడితే ఇల్లెవరు చూస్తారు? ఈ ఒక్క ఏడాదీ ఆగు" అన్నాడు. ఆ ఒక్క ఏడాదికి తొమ్మిదేళ్ళు నిండాయి. ఈసారి ముందు రాయాల్సిన పరీక్షకి కారులోనే చదివాను, పూల్ బయట పార్కింగ్‌లో, హీటర్ వేసుకుని, ఒళ్ళో పుస్తకం పెట్టుకుని. పాసైన రోజున ఇంటికి బిర్యానీ తెప్పించాను. ఎందుకని ఎవరూ అడగలేదు, వంట చెయ్యలేకపోయిందనుకున్నారు.

సోమవారం షాపులో ఒక పెద్దాయన వచ్చాడు. రక్తం పల్చబడే మందు ఎన్నాళ్ళుగానో వాడుతున్నాడు, ప్రతి నెలా నేనే బిల్లు కొడతాను. ఆ రోజు వేరే డాక్టరు రాసిన యాంటీబయాటిక్ కూడా సంచీలో ఉంది. ఆ రెండూ కలిస్తే రక్తస్రావం అవుతుందని మూడో ఏడాదిలో మా ప్రొఫెసరు మాచేత వందసార్లు చెప్పించాడు. సంచీ వెనక్కి తీసుకెళ్ళి, లోపలున్న కుర్ర ఫార్మసిస్టుతో "ఒక్కసారి చూస్తారా?" అన్నాను. అతను చూశాడు, కంగారుగా డాక్టరుకి ఫోన్ చేశాడు, మందు మార్పించాడు. పెద్దాయన అతని చెయ్యి పట్టుకుని థాంక్స్ చెప్పి వెళ్ళాడు. గంట తర్వాత మేనేజరు నన్ను పక్కకి పిలిచింది. "మృదులా, మందుల విషయాలు ఫార్మసిస్టులకి వదిలెయ్యాలి. కౌంటర్ దగ్గర లైను పెరిగిపోతోంది" అంది, నవ్వుతూనే. ఇక్కడ చీవాట్లు కూడా నవ్వుతూనే పెడతారు. నేనూ నవ్వి "సారీ" అన్నాను. ఆ సారీ నాకు రోజంతా నోట్లో చేదుగా ఉంది.

లంచ్‌కి కారులో కూర్చుని బ్యాంకుకి ఫోన్ చేశాను. పెరుగన్నం డబ్బా డాష్‌బోర్డు మీద, బిల్లుల డబ్బా పక్క సీట్లో. అవతల మాట్లాడినామె పేరు మార్లీన్, గొంతుని బట్టి నా వయసే ఉంటుంది. నేను రాసుకొచ్చిన లిస్టు చదవడం మొదలుపెట్టాను.

"ఈత క్లాసులు?"

"కవర్ అవవండీ. హైస్కూలు దాటాక చదివే చదువుకే ఈ డబ్బు."

"లెక్కల ట్యూషన్? పియానో? ఆటవా ట్రిప్పు?"

"అవవు."

"కాలిక్యులేటరు?"

"యూనివర్సిటీలో చేరాక కొనుంటే అయ్యేది" అని ఆమె కొంచెం నొచ్చుకుంటూ అంది.

పదిహేనేళ్ళ డబ్బా ఐదు నిమిషాల్లో ఖాళీ అయిపోయింది. మరి అయ్యేవేమిటని అడిగాను. ఫీజు, హాస్టల్ అద్దె, తిండి, పుస్తకాలు, లాప్‌టాప్, బస్ పాస్, సెలవులకి ఇంటికి వచ్చిపోయే టిక్కెట్లు. చదువుకి పనికొచ్చేది, సబబుగా ఉండేది ఏదైనా సరే అంది. "రైస్ కుక్కర్?" అని అడిగాను. "తినకుండా ఎలా చదువుతుంది?" అంది మార్లీన్. ఆ మాటకి నాకు ఆమె మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

"బిల్లులు ఎక్కడికి పంపాలి?"

"బిల్లులు అక్కర్లేదు. పెద్ద మొత్తమైతే ఎప్పుడైనా అడగొచ్చుగానీ, మామూలుగా యూనివర్సిటీలో చేరినట్టు లెటరు చాలు."

నాన్న ఉండుంటే ఈ దేశం మీద ఆయనకి నమ్మకం పోయేది.

అప్పుడామె ఓపిగ్గా చెప్పుకొచ్చింది. ఒకే ఖాతాలో రెండు రకాల డబ్బుంటుందట. గవర్నమెంటు కలిపిందీ, అన్నేళ్ళుగా పెరిగిందీ ఒక రకం. అది సాత్విక చదువుకే. చదువు మొదలైన మొదటి పదమూడు వారాల్లో అందులోంచి ఎనిమిది వేలకి మించి ఇవ్వరు, ఆ తర్వాత అంత పట్టింపు ఉండదు. ఇక రెండోది, మేము వేసిన డబ్బు. "అది మీదే. అమ్మాయి చేరిన లెటరు తెస్తే ఎప్పుడైనా తీసుకోవచ్చు. గవర్నమెంటు కలిపిన గ్రాంటు వెనక్కి పోదు, పన్ను కూడా లేదు" అంది.

"దేనికి తీస్తున్నానో రాయాలా?"

"అక్కర్లేదు."

"ఇల్లు కొనడానికైనా, దేనికైనా?"

"అది మేము అడగం."

చక్రధర్ చెప్పింది నిజమే. వికాస్ గ్రూపులో సరిగ్గానే పెట్టాడు. అక్కడితో ఫోన్ పెట్టేసి ఉంటే ఆ డబ్బు శంకర్‌పల్లి పోయేదేమో. కానీ ఎన్నో ఏళ్ళ అలవాటు నా నోట్లోంచి ఇంకో ప్రశ్న తీయించింది.

"మా ఆయన ఎక్కడ సంతకం పెట్టాలి?"

కీబోర్డు టకటకలాడింది. "మీ ఒక్కరి పేరే ఉంది మ్యామ్. ఆయన ఈ ఖాతాలో లేరు. మీ సంతకం చాలు" అంది మార్లీన్.

థాంక్స్ చెప్పి పెట్టేశాను. పెరుగన్నం అలాగే ఉండిపోయింది. ఏడుపొచ్చింది, ఎందుకో వెంటనే తెలియలేదు. సంతోషం కాదు. పదిహేనేళ్ళుగా ఆ ఖాతా నాదేనన్న సంగతి నా దగ్గర ఎవరూ దాచిపెట్టలేదు. మొదటి కాగితం మీదే రాసుంది. సాత్విక ఖాతా అన్నారు, నేనూ అదే అన్నాను. పేరుకే నాది అన్నారు, నేనూ అదే నమ్మాను. నా మీద నాకు వచ్చినంత కోపం చక్రధర్ మీద కూడా రాలేదు. తర్వాత అతని మీదా వచ్చింది, అది వేరే సంగతి. కళ్ళు తుడుచుకుని లోపలికెళ్ళి సాయంత్రం దాకా బిల్లులు కొట్టాను.

మంగళవారం లంచ్‌లో బ్రాంచికి వెళ్ళి ఫారం నింపాను. సాత్విక లెటరు ఫోన్‌లో ఉంది. ఎంత అని ఉన్న గడిలో ముప్పై మూడు వేలు వెయ్యొచ్చు. పద్నాలుగు వేసి ఆగాను. మిగతాది ఆ పిల్లకి ఉండాలి. లోన్ తీసుకుంటే బాధ్యత తెలుస్తుందన్న మాట నాకు నచ్చలేదు. నాకు తెలిసినంత బాధ్యత నా కూతురికి తెలియకపోయినా ఫరవాలేదు. వారం లోపల నా అకౌంట్‌లో పడుతుందన్నారు.

ఆ సాయంత్రం పూల్ నుంచి వస్తుంటే కారులో సాత్విక అడిగింది. "డాడ్ నన్ను లోన్‌కి అప్లై చెయ్యమన్నాడు. ఈజ్ దేర్ ఎనఫ్ ఆర్ నాట్?" తడి జుట్టు నా సీటు వెనక్కి విదిలించింది.

"ఉంది. గ్రాంటూ, పెరిగిందీ మొత్తం నీదే. నేను వేసినదాంట్లో కూడా సగం పైన నీకే ఉంచాను."

"వేర్ ఈజ్ ద రెస్ట్ గోయింగ్?"

చెప్పాను. మొత్తం చెప్పాను. కోర్సు, పరీక్ష, పార్కింగ్‌లో చదివిన చదువు, బిర్యానీ. ఎర్ర లైటు దగ్గర ఆగినా ఆ పిల్ల నా వైపు చూడలేదు.

"సో హూ ఈజ్ డ్రైవింగ్ మీ టు హాలిఫాక్స్?" అంది చివరికి. తన క్లాసులూ నా క్లాసులూ సెప్టెంబరు మొదటి వారంలోనే మొదలు, రెండూ ఒకేసారి పడతాయని లెక్క వేసుకున్నట్టుంది.

"మీ నాన్న తీసుకెళ్తాడు. లేకపోతే ఫ్లైట్‌లో వెళ్ళు, ఆ టిక్కెట్టు కూడా కవర్ అవుతుంది."

ఆ పిల్ల ఇంటికి రాగానే గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. నన్ను మెచ్చుకుంటుందని ఎదురుచూశానని అప్పుడు తెలిసింది. పప్పు తాలింపు వేసి, బట్టలు మడత పెట్టి వచ్చేసరికి డైనింగ్ టేబుల్ మీద నేను కూర్చునే చోట ఆ పెద్ద కాలిక్యులేటర్ ఉంది. కొత్త బ్యాటరీలు వేసి ఉంది. కింద చిన్న చీటీ, ఇంగ్లీషులో: 'డోసు లెక్కలకి పనికొస్తుందేమో. నాకు ఫోన్‌లో ఉంది.' నూట నలభై డాలర్ల బిల్లు ఏ కాలేజీకీ చెల్లదనుకున్నాను. ఆ చీటీ చదివి అక్కడే కుర్చీలో కూర్చున్నాను, చాలాసేపు, పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగా.

మరుసటి సోమవారం పొద్దున డబ్బు పడింది. షాపు తెరవకముందే కారులోంచే ఫీజు కట్టేశాను. రసీదు ప్రింట్ తీశాను, షాపు ప్రింటర్‌లో, ఒక్క కాగితమేగా. ఇంటికొచ్చాక ఐస్‌క్రీం డబ్బాలో పాత బిల్లులన్నీ నీలం రీసైక్లింగ్ పెట్టెలో పోశాను. ఈత, పియానో, ఆటవా. ఖాళీ డబ్బా అలవాటుగా కడిగి ఆరబెట్టాను.

చక్రధర్ ఆరింటికి వచ్చాడు. వంతెన మీద గంట సేపు ఆపేశారని విసుక్కుంటూ భోజనానికి కూర్చున్నాడు. సాత్విక నా పక్కన. రెండో వాయి అన్నం కలుపుకుంటూ, "అవునూ, బ్యాంకు వాళ్ళేమన్నారు? శ్రీరామ్ రోజూ ఫోన్ చేస్తున్నాడు" అన్నాడు.

"అన్నీ కనుక్కున్నాను. చదువుకి సంబంధించినవన్నీ కవర్ అవుతాయట. రైస్ కుక్కర్‌తో సహా."

"అది కాదు. మనం వేసింది?"

"అందులో పద్నాలుగు వేలు తీశాను. మిగతాది సాత్వికకి ఉంచాను."

"పద్నాలుగేనా? వాడికి ముప్పై అని చెప్పానే." ముద్ద చేతిలోనే పెట్టుకుని ఆలోచించాడు. "సరే, ముందు అడ్వాన్సుకి అదైనా పంపుదాం. రేపు నా అకౌంట్‌కి వెయ్యి."

"ఫీజు కట్టేశాను."

"దేనికి? సాత్వికది డిపాజిట్ ఎప్పుడో కట్టాంగా. ఇంకెవరి ఫీజు?"

లేచి డబ్బా తెచ్చి అతని ప్లేటు పక్కన పెట్టాను. అందులో ఒకటే కాగితం ఉంది. ఎడమ చేత్తో తీసి చదివాడు. పైన యూనివర్సిటీ పేరు, కింద నా పేరు, పెళ్ళికి ముందున్న ఇంటిపేరుతో, నా డిగ్రీ మీద ఉన్నట్టే. రెండుసార్లు చదివాడు. మొహం ఎర్రబడింది, కానీ అరిచే మనిషి కాదు గనక గొంతు బాగా తగ్గించాడు.

"తమ్ముడికి మాట ఇచ్చాను మృదులా. నా పరువేం కావాలి? వచ్చే ఏడాది చదువుకోవచ్చుగా, వద్దన్నానా ఎప్పుడైనా?"

"అనలేదు. ఆగమన్నారు."

సాత్విక తల వంచుకుని పెరుగు కలుపుకుంటోంది. టేబుల్ కింద దాని పాదం వచ్చి నా పాదం మీద ఆనింది.

చక్రధర్ ఆ కాగితాన్ని మళ్ళీ డబ్బాలో పడేశాడు. "ఇంత పెద్ద మొత్తం. ఇంట్లో ఒక్క మాట అడగాలని కూడా అనిపించలేదా?"

"అడిగానండీ" అన్నాను. "మీ సంతకం ఎక్కడ కావాలని బ్యాంకులో అడిగాను. నాది చాలన్నారు."